ఎడిసన్ నుంచి ఇర్వైన్ దాకా బెల్లంతో వ్యాన్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

2023 సెప్టెంబర్ 24, ఆదివారం పొద్దున న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరాం. అక్టోబర్ 21న కాలిఫోర్నియాలోని ఇర్వైన్ చేరాం. నేను, మా ఆయన, మా కుక్క బెల్లం. 28 రోజులు, 4,150 మైళ్ళు. అప్పట్నుంచి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు, గుడిలో కలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఉద్యోగం వేరే ఊరికి మారితే విమానం ఎక్కేస్తే సరిపోయేది కదా, వ్యాన్ ఎందుకు?

బెల్లం కోసం. తను 27 కేజీలు. విమానంలో మనతోపాటు కూర్చోబెట్టాలంటే సీటు కింద పట్టే సంచిలో ఇమడాలి. ఇమడదు. కింద సామాన్ల అరలో కుక్కల్ని పంపే పద్ధతిని పెద్ద ఎయిర్‌లైన్స్ చాలావరకు ఆపేశాయి. రోడ్డు మీద కుక్కల్ని చేరవేసేవాళ్ళు ఉన్నారు గానీ, బెల్లాన్ని మేం షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. మొదటి ఆరు నెలలు కొత్త మనిషి గొంతు వింటేనే సోఫా వెనక్కి వెళ్ళి వణికేది. అలాంటి పిల్లని ముక్కూమొహం తెలియనివాళ్ళ బండిలో నాలుగైదు రోజులు పంపడానికి మనసొప్పలేదు. ఇద్దరం నెల సెలవు అడిగాం, ఇచ్చారు.

బెల్లం ఏ జాతి?

ఏ జాతో షెల్టర్‌వాళ్ళకే తెలియదు. రంగు మాత్రం అచ్చం మా ఊళ్ళో గానుగ దగ్గర ఆరబెట్టిన కొత్త బెల్లం రంగు. ప్రయాణం నాటికి ఆరేళ్ళు.

ఇంత దూరం వెళ్ళి ఎల్లోస్టోన్, జయాన్ చూడకుండా ఎలా వచ్చారు?

అందరూ అడిగేది ఇదే. మేం ఎక్కువ ఆలోచించిందీ దీని గురించే.

అమెరికా నేషనల్ పార్కుల్లో కుక్కల్ని రానిస్తారు. ఎంతవరకు రానిస్తారన్నది మాత్రం పార్కుని బట్టి మారుతుంది. ఎల్లోస్టోన్‌లో కాలిబాటల మీదికీ, వేడినీటి బుగ్గల దగ్గరి చెక్కబాటల మీదికీ రానివ్వరు. జయాన్‌లో పారస్ అనే ఒక్క బాట మీదికే అనుమతి. ఆర్చెస్‌లో ఏ బాటా లేదు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో వందల మైళ్ళ బాటలున్నా కుక్కలకి రెండే. అలాంటి చోటికి వెళ్తే ఒకరు కొండెక్కి ఫోటోలు తీసుకుంటుంటే ఇంకొకరు పార్కింగ్‌లో కుక్కతో కూర్చోవాలి. మేం ముగ్గురం కలిసి తిరగాలనుకున్నాం. అందుకే ముందు దారి గీసి, ఆ తర్వాత కుక్క సంగతి చూద్దామనుకోలేదు. కుక్కని రానిచ్చే చోట్లని మొదట మ్యాప్ మీద గుర్తుపెట్టి, వాటిని కలుపుతూ దారి గీశాం.

అలా తేలింది ఇది. ఐ-81 హైవే మీద వర్జీనియాలోకి దిగి షెనండోవా నేషనల్ పార్క్. అక్కడ 500 మైళ్ళకి పైగా బాటలుంటే, కుక్కలకి వద్దన్నవి 20 మైళ్ళు కూడా ఉండవు. తర్వాత టెన్నెసీలో ఐ-40 ఎక్కి నాష్‌విల్, మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది దాటి ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్. ఊరి నడిబొడ్డున ఉన్న నేషనల్ పార్క్ అది. వేడి బుగ్గల నీళ్ళు కుళాయిల్లో ఉచితంగా పట్టుకోనిస్తారు. జనం క్యాన్లు తెచ్చి వరసలో నిలబడుతుంటే నాకు మా కరీంనగర్‌లో ట్యాంకర్ దగ్గరి సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఓక్లహోమా సిటీ, అమరిల్లో, న్యూమెక్సికోలో దక్షిణానికి దిగి వైట్ శాండ్స్, మళ్ళీ పైకి ఆల్బకర్కీ. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్. నీడిల్స్ దగ్గర కాలిఫోర్నియాలో అడుగుపెట్టాం.

కుక్క ఉన్నవాళ్ళకి పెట్రిఫైడ్ ఫారెస్ట్‌ని మించింది లేదని నా అభిప్రాయం. 20 కోట్ల ఏళ్ళకి పైబడి రాయిగా మారిపోయిన చెట్ల మొదళ్ళ మధ్య బెల్లం మాతోపాటే నడిచింది. భవనాల్లోకి తప్ప ఎక్కడికైనా రానిచ్చారు. గ్రాండ్ కాన్యన్‌లో అంచు వెంట ఉన్న బాట మీద నడిపించొచ్చు, లోయలోకి దింపకూడదు, షటిల్ బస్సు ఎక్కించకూడదు. ఎక్కడైనా తాడు ఆరడుగులు మించకూడదు.

వైట్ శాండ్స్ నిజంగా అంత బాగుంటుందా?

ఎండలో ఇసుక కాలుతుందని భయపడి బెల్లానికి బూట్లు కొన్నాం. అక్కడ చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది! మామూలు ఇసుక కాదది, జిప్సం. ఎండ వేడిని పట్టి ఉంచుకోదు. బూట్లు విప్పేశాం. బెల్లం ఒక్క క్షణం ఆగి, ముందుకాలితో రెండుసార్లు గీరి, దాంట్లోకి ముక్కు దూర్చి, తుమ్మి, తర్వాత గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తాడు నా కాళ్ళకి చుట్టుకుపోయింది. ఏడేళ్ళ అమెరికా జీవితంలో నేను అంత హాయిగా నవ్విన రోజు ఇంకోటి లేదు. పక్కనే క్షిపణి పరీక్షల ప్రాంతం ఉంది కాబట్టి కొన్నిసార్లు రోడ్డూ పార్కూ కాసేపు మూసేస్తారు. బయల్దేరేముందు చూసుకోండి.

ఏం వ్యాన్? ఎంతయింది?

2017 ఫోర్డ్ ట్రాన్సిట్, ఎత్తు పైకప్పుది. సరుకులు మోసే ఖాళీ వ్యాన్‌గా 24,000 డాలర్లకి కొన్నాం. ఐదు నెలలు శని, ఆదివారాలు కూర్చుని మంచం, అరలు, సింకు, ఫ్రిజ్, బ్యాటరీ పెట్టుకునేసరికి ఇంకో 11,000 అయ్యింది. నెల రోజుల ప్రయాణం ఒక్కసారే చేస్తామనుకునేవాళ్ళు అద్దెకి తీసుకోవడమే మంచిది. మేం తర్వాత కూడా వాడుకుంటామని కొన్నాం. లోపల నిటారుగా నిలబడొచ్చు. బయట ఎత్తు తొమ్మిది అడుగులు దాటింది కాబట్టి పార్కింగ్ గ్యారేజీల జోలికి, న్యూయార్క్ పార్క్‌వేల మీదున్న పొట్టి వంతెనల జోలికి వెళ్ళకూడదు.

కరెంటు సంగతి అందరూ లోతుగా అడుగుతారు. 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ అంటే మన ఇంటి మీటర్ లెక్కలో రెండున్నర యూనిట్లు. చిన్న ఫ్రిజ్ రోజుకి అర యూనిట్ తింటుంది. ఇండక్షన్ స్టవ్ అరగంట వాడితే దాదాపు ఒక యూనిట్. కప్పు మీద సోలార్ పలకలు, బండి నడుస్తుంటే ఇంజిన్ నుంచి వచ్చే ఛార్జింగ్ కలిపి మాకు సరిపోయింది. ఏసీ పెడితే రెండు మూడు గంటల్లో మొత్తం ఖాళీ. అందుకే పెట్టలేదు.

ఏసీ లేకపోతే కుక్కని లోపల వదిలి ఎలా వెళ్ళేవారు?

వదలకండి. దీనికి నా జవాబు అంతే. ఎందుకో చెప్తాను.

కప్పుకి ఫ్యాన్ ఉంది, లోపలి వేడి పెరిగితే ఫోన్‌కి కబురు పంపే పరికరం ఉంది. ఈ రెండూ ఉన్నాయి కదా అని ధైర్యం. అక్టోబర్ 8న అమరిల్లోలో బయట 75 డిగ్రీల ఫారెన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో 24. పాలు, పెరుగు తెచ్చుకుందామని ఇద్దరం దుకాణంలోకి వెళ్ళాం. 14 నిమిషాలు. తిరిగొచ్చి తలుపు తీస్తే ఎదురుగా వేడిగాలి కొట్టింది. ఫ్యాన్ ఆగిపోయి ఉంది, ఫ్యూజు పోయింది. పరికరంలో 93 డిగ్రీలు, అంటే 34. దుకాణంలో సిగ్నల్ లేక ఫోన్‌కి కబురు రానే లేదు. బెల్లం తలుపు దగ్గరే పడుకుని ఉంది. నాలుక ఒకపక్కకి వేలాడుతోంది, ఎగశ్వాస పీలుస్తోంది. పేరు పిలిస్తే తోక ఒక్కసారే కదిలింది.

నీడలోకి ఎత్తుకెళ్ళి పాదాలకి, పొట్టకి మామూలు నీళ్ళు పోశాం. ఐసు పెట్టలేదు. దగ్గర్లోని వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తే చూసి, సమయానికి వచ్చారన్నారు. ఆ రాత్రి నేను నేల మీదే దాని పక్కన పడుకున్నాను.

బయట 70 డిగ్రీలున్నా (21) మూసిన కారులో పది నిమిషాలకి 89 (32), అరగంటకి 104 (40) అవుతుందని పశువైద్యుల సంఘం పట్టికలో ఉంది. మేం అది చదివే బయల్దేరాం. చదివి కూడా ఫ్యాన్‌ని నమ్మాం. ఆ రోజు తర్వాత ఒకరు దుకాణానికి వెళ్తే ఒకరు వ్యాన్ దగ్గరే. మిగిలిన 13 రోజులు ఒక్కసారీ తప్పలేదు.

రాత్రిళ్ళు ఎక్కడ ఆపేవారు? భయం వేయలేదా?

27 రాత్రుల్లో 11 డబ్బు కట్టిన క్యాంప్‌గ్రౌండ్లలో, తొమ్మిది నేషనల్ ఫారెస్టుల్లోనూ కేంద్రప్రభుత్వ ఖాళీ భూముల్లోనూ ఉచితంగా, నాలుగు ట్రక్ స్టాపుల్లో, మూడు నాష్‌విల్, ఓక్లహోమా సిటీల్లోని స్నేహితుల ఇళ్ళ ముందు. ఉచిత భూముల్లో మామూలుగా ఒకచోట 14 రోజులకి మించి ఉండనివ్వరు. రెస్ట్ ఏరియాల గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్‌లో 24 గంటలు, కాలిఫోర్నియాలో 8.

మొదటి రెండు రాత్రులు ఏ చప్పుడైనా లేచి కూర్చున్నాను. తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. చీకటి పడకముందే చేరడం, బండిని రోడ్డు వైపు మొహం పెట్టి ఆపడం, డ్రైవర్ సీటు మీద ఏ సామానూ ఉంచకపోవడం. మనసుకి నచ్చని చోట కారణం వెతక్కుండా బయల్దేరిపోయేవాళ్ళం. బెల్లం మొరిగితే ఆ చుట్టుపక్కల ఎవరూ దగ్గరికి రారు.

సెప్టెంబర్ 30న వేరే టెన్షన్. బడ్జెట్ తేలకపోతే ప్రభుత్వం మూతపడి పార్కులూ మూసేస్తారన్నారు. ఆ రాత్రి తాత్కాలిక బిల్లు పాసైందని చదివాకే నిద్రపట్టింది.

తిండి ఎలా? రోజూ బర్గర్లేనా?

బర్గర్లతో నాలుగు రోజులు కూడా గడవదు మాకు. మూడు లీటర్ల కుక్కర్, ఒక బాణలి, ఒక గిన్నె. పొద్దున ఉప్మా లేదా అటుకులు, రాత్రి అన్నం, పప్పు, మా అత్తగారు తెనాలి నుంచి పంపిన గోంగూర పచ్చడి. కుక్కర్ మాత్రం మర్చిపోకండి. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ 7,000 అడుగుల ఎత్తులో ఉంది. నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఐ-40 మీద ట్రక్ డ్రైవర్ల కోసం పంజాబీలు నడిపే ధాబాలున్నాయి. వేడి రొట్టె, పప్పు, చాయ్ దొరుకుతాయి. రెండుసార్లు ఆగాం, రెండుసార్లూ ప్రాణం లేచొచ్చింది.

కరివేపాకు మొక్క వెంట తెచ్చుకోవచ్చా అని కనీసం పదిమంది అడిగారు. తీసుకెళ్ళకండి. నిమ్మ, బత్తాయి చెట్లని చంపే తెగులుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. నీడిల్స్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రంలో మొక్కలు, పళ్ళు ఏమున్నాయని అడుగుతారు. నా ఐదేళ్ళ మొక్కని ఎడిసన్‌లోనే పక్కింటి పిన్నిగారికి ఇచ్చి వచ్చాను.

కుక్కకి మాత్రం మన వంట పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి, కిస్‌మిస్ వాటికి విషం.

స్నానం, బాత్రూం?

చిన్న పోర్టబుల్ టాయిలెట్, దాని పక్కన మూత ఉన్న చెంబు. 75 లీటర్ల నీళ్ళ ట్యాంకు మా ముగ్గురికీ మూడు, నాలుగు రోజులు వచ్చేది. స్నానాలు ట్రక్ స్టాపుల్లో. అనుకున్నదానికంటే చాలా శుభ్రంగా ఉంటాయి. టాయిలెట్ ట్యాంకుని డంప్ స్టేషన్‌లో తప్ప ఇంకెక్కడా ఖాళీ చేయకూడదు.

కుక్క కోసం ఏమేం తీసుకెళ్ళాలి?

రేబిస్ టీకా సర్టిఫికెట్ కాగితం మీద ఉండాలి, ఫోన్‌లో చాలదు. సిగ్నల్ లేనిచోటే అడుగుతారు. బయల్దేరేముందు వెట్ దగ్గర ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోండి, చాలా రాష్ట్రాల నియమాల్లో ఉంది. మైక్రోచిప్ నంబర్ కింద నమోదైన ఫోన్ నంబర్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పిడుదులకి, హార్ట్‌వార్మ్‌కి (గుండెలో చేరే పురుగు) నెలవారీ మందు. తారు రోడ్డు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాన్ని నడిపించకండి.

ఒక దువ్వెన, ముళ్ళు తీసే చిన్న పట్టకారు కూడా పెట్టుకోండి. న్యూమెక్సికోలో ఒక రెస్ట్ ఏరియాలో బెల్లం నాలుగడుగులు వేసి కాలెత్తి నిలబడిపోయింది. పాదం తిప్పి చూస్తే పల్లేరుకాయ! అదే కాయ, అదే ముళ్ళు. చిన్నప్పుడు మా తాతయ్య పొలంగట్టు మీద నా కాళ్ళలో దిగినవే. వంగి చూస్తే నేలంతా పాకిన అదే మొక్క, అదే చిన్న పసుప్పచ్చ పువ్వు. పేరు వేరు గానీ నిజంగానే మన పల్లేరు. వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటే ఏడు తీశాను. బెల్లం కదలకుండా నా భుజం మీద గడ్డం ఆనించి కూర్చుంది. సోఫా వెనక దాక్కున్న ఆ పిల్లే ఇది.

వీసా మీద ఉన్నవాళ్ళకి దారిలో ఇబ్బంది ఉంటుందా?

మాకు రాలేదు. మెక్సికో సరిహద్దు దగ్గరి రోడ్ల మీద, సరిహద్దు దాటకపోయినా, బార్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. వైట్ శాండ్స్ నుంచి లాస్ క్రూసెస్ వెళ్ళే దారిలో ఒకటి తగిలింది. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రం, అంటే మనలాంటివాళ్ళకి ఐ-94, ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టం. పాస్‌పోర్టు, ఐ-94 ముందు సీటు పక్కనే పెట్టుకోండి. ఇంకో మాట: హెచ్-1బీ మీద వేరే నగరానికి మారి పనిచేయాలంటే కంపెనీ ముందు సవరణ పిటిషన్ వేయాలి. మాది అయ్యాకే కదిలాం.

పార్కుల ఏడాది పాస్ మేం కొన్నప్పుడు 80 డాలర్లు. 2026 నుంచి అమెరికా నివాసులు కానివాళ్ళకి ధర బాగా పెరిగింది. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు అది చూసుకోవాలి.

ఇండియా నుంచి కుక్కని తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు, కష్టమే. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. 2024 ఆగస్టు నుంచి ఆరు నెలల వయసు, మైక్రోచిప్, ఫారాలు తప్పనిసరి. టీకా ఇండియాలో వేయించి ఉంటే రక్తపరీక్ష ఫలితం, అమెరికాలో అనుమతి ఉన్న కేంద్రంలో బుకింగ్ కూడా కావాలి. కనీసం కొన్ని నెలల ముందు మొదలుపెట్టండి.

న్యూమెక్సికోలో బతుకమ్మ ఆడారట, నిజమేనా?

నిజమే. అక్టోబర్ 14, పెత్తరమాస. ఆ పొద్దునే ఆల్బకర్కీలో ఉంగరంలా కనిపించే సూర్యగ్రహణం, అదే వారంలో అక్కడ బెలూన్ల పండుగ. ఊళ్ళో ఎక్కడా చోటు లేక గంట దూరంలో ఒక చిన్న క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం. కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్: "ఇక్కడ గ్రహణం కనవడది గని, నువ్వున్నకాడ ఉన్నది గద బిడ్డా, బయటికి పోకు." గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుని చూశానని సాయంత్రం వరకు అమ్మకి చెప్పలేదు. పదిన్నర దాటాక వెలుగు పలచబడింది, చలి వేసింది. నాలుగున్నర నిమిషాలకి పైగా ఆకాశంలో నిప్పుకంకణం. బెల్లాన్ని పరదాలు వేసి వ్యాన్‌లో పడుకోబెట్టాం, మా ఆయన దాని పక్కనే కూర్చుని కిటికీలోంచి చూశాడు.

ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడ అక్టోబర్‌లో రోడ్లపక్కన చమీసా అనే పొద పసుపు రంగులో విరగబూస్తుంది. దూరంనుంచి చూస్తే తంగేడే. పార్కుల్లో పువ్వు కోయకూడదు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్ యజమానురాలిని అడిగితే, ఆమె తన పెరట్లోవి కోసుకోమంది, బంతిపూలు కూడా ఇచ్చింది. స్టీలు ప్లేటులో మూడు వరసలు పేర్చాను. అమ్మ వీడియోలో పాట అందుకుంది, నేనూ ఆ యజమానురాలూ చుట్టూ తిరిగాం. బెల్లం మా వెనకే తిరిగింది.

28 రోజులు అంత చిన్న చోట, గొడవలు రాలేదా?

వచ్చాయి. పెద్దది అమరిల్లో తర్వాతే. తప్పు ఎవరిదని రెండు రోజులు ముభావంగా ఉన్నాం. వేరే గదిలోకి వెళ్ళి తలుపేసుకునే వీలు వ్యాన్‌లో లేదు. మూడోరోజు పొద్దున మా ఆయన కాఫీ కలిపిచ్చి, "ఫ్యూజులు కొత్తవి తెచ్చాను, ఇద్దరం కలిసి మారుద్దాం" అన్నాడు. కూర్చుని మార్చాం. పనులు పంచుకోవడం కూడా ముందే తేల్చుకోండి. నీళ్ళు, కరెంటు ఆయన చూసేవాడు. దారి, వంట నాది. బెల్లం ఇద్దరిదీ.

మొత్తం ఖర్చు?

వ్యాన్ కాకుండా సుమారు 2,300 డాలర్లు. పెట్రోలు 1,000, తిండి 620, క్యాంప్‌గ్రౌండ్లు 390, స్నానాలు, బట్టలుతుకు 110, వెట్ 85, పార్కుల పాస్ 80. వ్యాన్ గ్యాలన్‌కి 15 మైళ్ళు ఇచ్చింది. ఎదురుగాలి ఉన్న టెక్సస్‌లో అదీ ఇవ్వలేదు.

మళ్ళీ వెళ్తారా?

వచ్చే వేసవిలో ఆరెగన్ తీరం. అక్కడి బీచ్‌లన్నీ ప్రజలవేనని 1967లోనే చట్టం చేశారు, కుక్కలకి కూడా దాదాపు అంతటా అనుమతే. బెల్లం రేబిస్ టీకా గడువు మార్చితో అయిపోతుంది. ముందు వెట్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.